రాయచూరు సీమలో చేపపిల్లల తొట్టి - అడుగుమన్ను

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు సీమలో నల్లరేగడికి గల గౌరవము మఱియే మన్నునకును లేదు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన పిదప కోస్తా జిల్లాలనుండి వచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతముల క్యాంపులలో స్థిరపడిన తెలుగు రైతులు ఎడమగట్టు కాలువ క్రింద ఈ రేగడిలోనే వరి పండించిరి. వరికి మేలైన మన్ను చేపపిల్లలకును మేలే యని గాజుతొట్టి అడుగున దానిని పఱచుట మాత్రము పొరపాటు.

చెరువు మాట వేరు. 1957లో హీరాలాల్ చౌధురి ఒరిస్సాలో పిట్యూటరీ సారమును సూదివేసి కార్పు జాతి చేపలచే గ్రుడ్లు పెట్టించిన పిమ్మట దేశమున నర్సరీ చెరువులు విస్తరించినవి. అందు పేడ వేయుదురు. ఎండయు గాలియు ధారాళముగ తగులుటచే సూక్ష్మజీవులు పెరిగి పిల్లలకు మేత యగును. రెండుమూడు బిందెల నీరు పట్టు తొట్టిలో ఆ పేడయే కుళ్లి ప్రాణవాయువును హరించును.

రేగడి కణము మిక్కిలి సన్ననిది. కొంచెము కదిలిన చాలును, లేచి నీటిని కలచి పిల్లల మొప్పలకు పట్టును. దానిలోని సున్నపు గుళికలు నీటి క్షారగుణమును పెంచును. అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. మిగిలిన మేత కుళ్లినప్పుడు అమోనియా పుట్టును. నీటి పి.హెచ్. 7 నుండి 8కి పెరిగినచో ఆ అమోనియాలోని విషభాగము సుమారు 10 రెట్లగును. ఎండ ముదిరినకొలది ఇంకను హెచ్చును. వేసవిలో 40 డిగ్రీలు దాటు రాయచూరులో దీనిని తేలికగా తీసికొనరాదు.

కావున నదీతీరపు ముతక ఇసుక మేలు. రాయచూరు కొండలు నల్లరాతివి. ఆ రాతి ఇసుక నీటిలో కరగదు. అయితే షాబాదు బండల సీమ నీటిని గొనివచ్చు భీమ కృష్ణలో కలియుచున్నది గనుక, ఏ ఇసుకనైనను పరీక్షింపక వాడరాదు. చిటికెడు పొడి ఇసుకపై నిమ్మరసము పిండినచో నురుగు లేచెనా, అందు సున్నమున్నట్లే. నురుగు లేనిదానిని నీరు తేటపడువఱకు పదేపదే కడుగవలెను.

గ్రుడ్డునుండి వెడలిన పిల్లలకు తొలి పదునైదు దినములు అసలు ఇసుకయే వలదు. వడగట్టిన కోడిగ్రుడ్డు సొన ఇసుక సందులలో దిగినచో తీయుట దుస్సాధ్యము. వట్టి గాజుపై నైనచో కంటికి కనబడును. పిదప ఒక అంగుళము మందమున ఇసుక చాలును. అంతకుమించినచో అడుగు నల్లబడి కుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చును.

ఇసుక అందమునకు మాత్రమే కాదు. అమోనియాను హానిలేని నత్రితములుగా మార్చు సూక్ష్మజీవులు దాని రేణువులపై కాపురముండును. వీనిని 1890 ప్రాంతమున రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్స్కీ వేఱుచేసి చూపెను. అవి తగినంత వృద్ధిపొందుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. ఆ ఇసుకను కుళాయినీట కడుగుట పెక్కురు చేయు తప్పు. అందలి క్లోరిను వానిని చంపును. తొట్టినుండి తీసిన పాతనీటిలోనే జాడింపవలెను.

రెండుదినముల కొకమారు సన్నని రబ్బరు గొట్టముతో అడుగు మడ్డిని లాగవలెను. గొట్టపు మొనకు పలుచని గుడ్డ కట్టినను పిల్లలు జాఱుచుండును. కావున నీటిని తెల్లని పళ్లెమున పట్టి, వెదకి, పిల్లలను మరల తొట్టిలో విడిచిన పిదపనే పాఱబోయవలెను. తీసినంత నీటిని, ఒకదినము నిలువయుంచిన నీటితో పూరింపవలెను. మడ్డినీరు పూలమొక్కలకు మంచి ఎరువు.