లెర్న్ బటన్ చేసేది తాళంచెవి

తిరుపతిలో కొత్తగా కడుతున్న ఇళ్లకు, చిత్తూరు బజారు దుకాణాలకు రిమోట్ నొక్కితే తెరుచుకునే గేట్లూ షట్టర్లూ ఇప్పుడు వింతేమీ కాదు. అమెరికా ఇళ్లలో కారు షెడ్డు తలుపు పైకి లేచి కప్పు కిందికి వెళ్లిపోతుంది. మన దగ్గర ప్రహరీ వెంట పక్కకు జరిగే ఇనుప గేటు, దుకాణం ముందు చుట్టుకునే షట్టర్ ఎక్కువ. రూపం ఏదైనా లోపలి సరంజామా ఒకటే: ఒక మోటారు, దాన్ని నడిపే బోర్డు, రిమోట్ సంకేతాన్ని పట్టుకునే రిసీవర్, ఎక్కడ ఆగాలో చెప్పే లిమిట్ స్విచ్‌లు. ఆ బోర్డు మీద ఒక చిన్న బటన్ ఉంటుంది. చాలావాటి మీద ‘లెర్న్’ అనే రాసి ఉంటుంది. గేటు మొరాయిస్తే ఇంట్లోవాళ్లూ, కొన్నిసార్లు మెకానిక్కూ మొదట వేలు పెట్టేది దాని మీదే. రిమోట్‌ను మళ్లీ ప్రోగ్రామ్ చేస్తే అన్నీ సర్దుకుంటాయని ఒక నమ్మకం పాతుకుపోయింది. ఆ నమ్మకం వల్ల రెండు నష్టాలున్నాయి. అసలు జబ్బు కనబడకుండా పోతుంది. ఇంటి భద్రత ఎవరి చేతిలో ఉందో యజమానికే తెలియకుండా పోతుంది. ఎందుకంటే ఆ బటన్ చేసేది మరమ్మతు కాదు, తాళంచెవి.

ఆ బటన్ నొక్కినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. బోర్డు మీద ఒక లైటు వెలుగుతుంది. కొద్ది సెకన్లలో రిమోట్ నొక్కితే, ఆ రిమోట్ పంపే సంఖ్యను బోర్డు తన జ్ఞాపకంలో రాసుకుంటుంది. ఆ క్షణం నుంచి ఆ సంఖ్య ఎవరి చేతి నుంచి వచ్చినా గేటు తెరుచుకుంటుంది. ఈ జ్ఞాపకం కరెంటు పోయినా చెరగదు. చెరగకుండా ఉండటానికే ఆ చిప్పును అలా తయారు చేశారు. కాబట్టి నిన్న సాయంత్రం పనిచేసిన రిమోట్‌ను బోర్డు ఈ ఉదయానికల్లా మరిచిపోవడం చాలా అరుదు. పిడుగుపాటు వల్ల బోర్డు దెబ్బతిన్నప్పుడో, దాన్ని మార్చినప్పుడో, ఎవరైనా చెరిపేసినప్పుడో తప్ప రిమోట్‌ను మళ్లీ నేర్పే అవసరం రాదు. గేటు ఆగిపోవడానికి కారణాలు చాలావరకు వేరేచోట ఉంటాయి.

ఆ చోటును పట్టుకోవడానికి మీటర్లూ పనిముట్లూ అక్కర్లేదు. గోడకు బిగించిన వైరు స్విచ్ నొక్కి చూడాలి. స్విచ్‌కు కదిలి రిమోట్‌కు కదలకపోతే మోటారుకు ఏ జబ్బూ లేనట్టే; చూడాల్సింది రిమోట్ వైపు. స్విచ్‌కు కూడా కదలకపోతే రిమోట్‌ను ఎన్నిసార్లు నేర్పినా దండగ. ఈ ఒక్క పరీక్ష సగం దారి చూపిస్తుంది. రిమోట్ దోషమైతే మొదటి అనుమానం బ్యాటరీ మీదే. చాలా రిమోట్లలో వేలెడు కూడా లేని 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది నీరసించినా రిమోట్ మీది ఎర్రలైటు వెలుగుతూనే ఉంటుంది గనుక అందరూ మోసపోతారు. గేటుకు దగ్గరగా వెళ్లి నొక్కితే పనిచేసి, వీధి మలుపు దగ్గర పనిచేయడం లేదంటే బ్యాటరీ మార్చి చూడాలి. మార్చినా దూరం పెరగకపోతే గేటు పక్కన కొత్తగా పెట్టిన ఎల్ఈడీ దీపాన్ని కాసేపు ఆర్పి చూడాలి. నాసిరకం ఎల్ఈడీ దీపాల లోపలి సర్క్యూట్ వెదజల్లే రేడియో రొదలో రిమోట్ సంకేతం మునిగిపోవడం నిజంగా జరిగేదే.

స్విచ్‌కు కూడా స్పందన లేనప్పుడు మెయిన్ ఆపి, మోటారు మీదున్న రిలీజ్ తాళం తిప్పి, పక్కకు జరిగే గేటును చేత్తో తోసి చూడాలి. అది ఒక చేత్తో తోస్తే సాఫీగా జరగాలి. జరగకపోతే జబ్బు ఇనుములో ఉంది: చక్రాల బేరింగులు తుప్పు పట్టాయో, పట్టా కిందికి కుంగిందో, కంకరరాయి అడ్డుపడిందో. ఇల్లు కట్టడం పూర్తికాకముందే గేటు బిగించుకునే చోట ఇసుక, సిమెంటు, గ్రానైట్ కోతపొడి పట్టాలోకి చేరి గట్టిపడతాయి. బరువెక్కిన గేటును చూసి బోర్డు ఏదో అడ్డు తగిలిందనుకుని ఆపేస్తుంది, లేదా వెనక్కి తిప్పుతుంది. అది బోర్డు తెలివే. ఆ తెలివిని తప్పుగా చదివి, బలం పెంచే స్క్రూను కుడివైపు తిప్పేయడం ప్రమాదకరమైన అలవాటు. ఆ బలం రేపు గేటుకు అడ్డొచ్చిన పిల్లవాడి మీద కూడా పనిచేస్తుంది. చుట్టుకునే షట్టర్ల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. స్ప్రింగులున్న షట్టర్లలో బరువులో పెద్ద భాగం ఆ స్ప్రింగులే మోస్తాయి, మోటారు మోసేది మిగిలిన కొంచెమే. స్ప్రింగు విరిగిన షట్టర్‌ను రిలీజ్ చేస్తే అది ఒక్కసారిగా కిందికి రావచ్చు. ఆ పని తెలిసినవాళ్లకే వదిలిపెట్టాలి.

గేటు చేత్తో సాఫీగా జరుగుతూ, మోటారు మాత్రం ‘హుమ్మ్’ అని మూలిగి తిరగకపోతే ఈ జిల్లాల రైతులకు చెప్పనవసరం లేదు. సింగిల్ ఫేజ్ బోరు మోటారు మూలిగినప్పుడు వాళ్లు వెంటనే కండెన్సర్ పోయిందంటారు. ఏసీ గేటు మోటారులోనూ అదే కండెన్సర్, అదే మూలుగు. కరెంటు ఆపాక కూడా అందులో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు, ఊరికే చేయి పెట్టకూడదు. దానికంటే ముందు చూడాల్సింది వోల్టేజీ. ఇలాంటి మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టులు రావాల్సినచోట 180 వస్తే బలం ఐదో వంతు తగ్గుతుందని అనుకుంటాం. లెక్కవేస్తే మిగిలేది 61 శాతమే. వేసవి రాత్రుల్లో వీధిలో ఏసీలన్నీ నడిచే వేళ మాత్రమే గేటు మొండికేస్తోందంటే లెర్న్ బటన్‌ను కాక లైను వోల్టేజీని అనుమానించడం న్యాయం. వానాకాలం జబ్బు వేరు. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలవి. పక్కకు జరిగే గేటు మోటారు నేలకు అతి తక్కువ ఎత్తులో కూర్చుంటుంది. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు నీరు నిలిచిన ఎత్తును తలుచుకుంటే, మోటారును జానెడు దిమ్మె మీద బిగించడం సరిపోదని తేలికగా అర్థమవుతుంది. మోటారు మొత్తాన్నీ ఎత్తలేకపోయినా, బోర్డును విడిగా గోడ మీదికి మార్చే వీలున్న రకాన్ని ఎంచుకోవచ్చు. వైరు దూరే రంధ్రాన్ని సీలు చేయకపోతే చీమలూ బల్లులూ బోర్డు దాకా వెళ్తాయి.

తెరుచుకుంటుంది గానీ మూసుకోదన్న ఫిర్యాదుకు కారణం ఎక్కువగా ఫోటోసెల్. దారికి రెండు వైపులా ఎదురెదురుగా ఉండే ఈ కళ్ల మధ్య కిరణం తెగితే గేటు మూసుకోకూడదు. దుమ్ము, సాలెగూడు, కారు తగిలి వంకరపోయిన బిగింపు, పడమటి వాకిలికి నేరుగా కొట్టే సాయంత్రపు ఎండ, ఏదైనా ఆ కిరణాన్ని చెడగొట్టవచ్చు. గుడ్డతో తుడిచి ఎదురెదురుగా సరిచేస్తే చాలాసార్లు పని జరుగుతుంది. కొందరు ఆ వైర్లను కలిపేసి కంటిని శాశ్వతంగా మూసేస్తారు. అమెరికాలో పైకి లేచే తలుపుల కింద పిల్లలు చిక్కుకుని చనిపోయాకనే, 1993 జనవరి నుంచి తయారయ్యే ఇళ్ల ఓపెనర్లకు ఇలాంటి అదనపు రక్షణను తప్పనిసరి చేశారు. ప్రాణాలు పోయాక వచ్చిన ఏర్పాటును ఒక పూట సౌకర్యం కోసం తీసేయకూడదు.

ఇక తాళంచెవి సంగతి. పాత రిమోట్లలో చిన్న చిన్న స్విచ్‌ల వరుస ఉండేది, అటో ఇటో. పన్నెండు స్విచ్‌లంటే 4096 కలయికలు. ఒక్కొక్కటీ పంపి చూడాలంటే సమయం పడుతుంది కదా అనిపిస్తుంది. తెలుగు బడిలో ఛందస్సు చదివినవాళ్లకు ‘యమాతారాజభానసలగం’ గుర్తుండే ఉంటుంది. మూడక్షరాల గణాలు ఎనిమిదింటినీ విడివిడిగా రాస్తే ఇరవైనాలుగు అక్షరాలు కావాలి. ఒకదాని తోకను ఇంకొకదానికి తలగా వాడుకుంటే పదక్షరాల్లో అన్నీ ఇమిడిపోతాయి. గణితంలో ఇలాంటి వరుసకు డి బ్రౌన్ పేరు పెట్టారు. పాత రిసీవర్లు ఎక్కడ సంకేతం మొదలైందో పట్టించుకోకుండా చివరి పన్నెండు గుర్తులనే చూసుకుంటాయి కనుక అదే ఉపాయం వాటి మీదా పారుతుంది. 49,152 గుర్తులు పంపాల్సినచోట 4,107 చాలు. 2015లో అమెరికా పరిశోధకుడు శామీ కామ్కర్ ఒక పిల్లల ఆటబొమ్మను మార్చి, దానితో ఇలాంటి స్థిరమైన కోడ్ ఉన్న తలుపులను పది సెకన్లలోపే తెరిచి చూపించాడు. తర్వాతి తరం చవక రిమోట్లలో సంఖ్య పెద్దదైంది గానీ ఎప్పుడూ అదే సంఖ్య వెళ్తుంది. అందుకే వాటికి నకలు రిమోట్ చేయడం అంత సులువు.

దీనికి జవాబుగా వచ్చింది రోలింగ్ కోడ్. నొక్కిన ప్రతిసారీ సంఖ్య మారుతుంది, వాడిన సంఖ్య మళ్లీ చెల్లదు. దక్షిణాఫ్రికాలో పుట్టిన కీలాక్ అనే పద్ధతిని 1995లో మైక్రోచిప్ కంపెనీ కొనుక్కున్నాక ఇది ప్రపంచమంతా పాకింది. అదీ అభేద్యమేమీ కాదు. 2008లో జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని ఛేదించారు. అయినా ఛేదించడానికి చదువూ పరికరాలూ కావాలి, నకలు కొట్టడానికి బజారులో దొరికే రిమోట్ చాలు. ఆ తేడా సామాన్యం కాదు. గోడ దూకగల దొంగకు గేటు కోడ్‌తో పనేముందని కొందరు అడుగుతారు. బయటి ప్రహరీ గేటు వరకు ఆ మాటలో నిజముంది. లోపల ఇంటి తలుపుకు మంచి తాళం ఉంటే స్థిరమైన కోడ్ రిమోట్‌తో గడిచిపోతుంది. నగల దుకాణం షట్టర్‌కు, ఇంట్లోకి నేరుగా దారి ఉన్న కారు షెడ్డుకు ఆ మాట వర్తించదు. అక్కడ రోలింగ్ కోడ్ ఉందో లేదో కొనేముందే అడగాలి, మూసే వేళ మామూలు తాళం కూడా వేయాలి. రోలింగ్ కోడ్‌లో ఒక చిక్కుంది: గేటుకు దూరంగా పిల్లలు రిమోట్‌తో ఆడుకుంటూ లెక్కలేనన్నిసార్లు నొక్కితే రిమోట్ లెక్క ముందుకు పోయి బోర్డు వెనకబడుతుంది. కీలాక్ రకాల్లో తేడా పదహారు దాటితే మొదటి నొక్కు పనిచేయదు, వెంటనే రెండోసారి నొక్కితే లెక్క కలుస్తుంది. ఇక్కడ కూడా లెర్న్ బటన్ అవసరం అరుదే.

ఆ బటన్‌కు నిజమైన పని అద్దె ఇళ్లలో ఉంది. తిరుపతి చదువుల కోసం, ఉద్యోగాల కోసం వచ్చిపోయేవాళ్ల ఊరు. ఇల్లు ఖాళీ చేసిన కుటుంబం రెండు రిమోట్లు తిరిగి ఇస్తే ఇంటాయన తృప్తిపడతాడు. మూడోది ఎవరైనా నేర్పించుకున్నారేమో బోర్డుకే తెలుసు. చాలా బోర్డుల్లో ఒక్క రిమోట్‌నే ఏరి తీసేసే వీలుండదు. బటన్‌ను కొన్ని సెకన్లు అలాగే అదిమి పట్టుకుంటే లైటు ఆరి జ్ఞాపకం మొత్తం చెరిగిపోతుంది. ఎన్ని సెకన్లో బోర్డుతో వచ్చిన కాగితంలో ఉంటుంది, దాన్ని పారేయకూడదు. చెరిపాక పాత రిమోట్ ఒకటి నొక్కి గేటు కదలలేదని రూఢి చేసుకుని, కొత్తగా ఉండబోయేవాళ్ల చేతికిచ్చే వాటినే ఒక్కొక్కటిగా నేర్పాలి. ఎన్ని నేర్పామో, ఎవరికిచ్చామో అద్దె ఒప్పందం కాగితం మీదే రాసుకోవాలి. బోర్డు ఉన్న పెట్టె మూతకు తాళం వేయాలి, ఎందుకంటే ఆ మూత తీయగలిగినవాడు ఎవడైనా సరే నిమిషంలో తనకొక రిమోట్ నేర్పుకోగలడు.