మీ గురించి చెప్పండి

పోయిన నెల అంబత్తూరులో ఒక కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్ళి వచ్చాను. ఉద్యోగం రాలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఉద్యోగం వచ్చినవాళ్ళు ఇచ్చే సలహాలు మనం చాలానే చదివాం. రానిదాన్ని రాస్తే ఎక్కడ కాలు జారిందో ఇంకొంచెం బాగా తెలుస్తుందేమో అనిపించింది. గోడపత్రికకి ఏదైనా రాసివ్వమని మేడం అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది కూడా ఇదే.

అది తెలుగు వాయిస్ ప్రాసెస్. అంటే ఆంధ్రా నుంచి, తెలంగాణ నుంచి ఫోన్ చేసే కస్టమర్లతో తెలుగులో మాట్లాడే పని. సెలవుల్లో రెండు నెలలు చెయ్యొచ్చు అన్నారు. పెరంబూరులో లోకల్ రైలు ఎక్కితే క్యారేజ్ వర్క్స్, లోకో వర్క్స్, విల్లివాక్కం, కొరట్టూరు, పట్టరవాక్కం, ఆ తర్వాత అంబత్తూరు. దారి పొడుగునా ఇంగ్లీషులో బట్టీ పట్టిన సెల్ఫ్ ఇంట్రడక్షన్ వల్లె వేసుకుంటూనే ఉన్నాను. యూట్యూబులో ఒకాయన చెప్పింది. హార్డ్ వర్కర్, క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్, అన్నీ ఉన్నాయి అందులో. నేను మాత్రం లేను.

లోపల ఇద్దరు కూర్చుని ఉన్నారు. అందులో ఒక మేడం, తెలుగావిడే, "మీ గురించి చెప్పండి" అన్నారు. తెలుగులో! నా దగ్గర సరుకంతా ఇంగ్లీషులో ఉంది. ఒక్కో వాక్యాన్నీ మనసులో తెలుగులోకి మార్చుకుంటూ చెప్పాను. నాకే వినబుద్ధి కాలేదు. తర్వాత ఆవిడ, "సరే, నేను కస్టమర్ని. నా బిల్లు ఈ నెల రెండింతలు వచ్చింది, కోపంగా ఉన్నాను. నాకు సమాధానం చెప్పండి" అన్నారు. నేను కంగారులో, "జాస్తిగా పడినట్టుండాది మేడం, చూస్తా ఉండాను, ఒక నిమిషం ఇరుంగ" అన్నాను.

చివరి మాట తమిళం. ఆ ముందు మాటలు మా నానమ్మ తెలుగు. ఆవిడ నవ్వి, "మీరు తెలుగువాళ్ళేనా?" అని అడిగారు.

ఆ నవ్వులో ఎగతాళి ఉందని నేను అనను. మామూలుగానే అడిగారు. కానీ నాకు నోట మాట రాలేదు. అర నిమిషం అలాగే కూర్చున్నాను. ఆ అర నిమిషంలోనే ఉద్యోగం పోయిందని నా లెక్క. ఇరుంగ అన్నందుకు కాదు. ఫోన్లో అవతలివాళ్ళు ఏదో ఒకటి అడిగితే అర నిమిషం మూగబోయే అమ్మాయిని ఆ పనికి ఎవరు తీసుకుంటారు?

మా ఇంట్లో నాన్నది తెలుగు, అమ్మది తమిళం. నానమ్మతో తెలుగు, అమ్మతో తమిళం, అన్నయ్యతో ఏది ముందు నోటికొస్తే అది. స్కూల్లో చదివింది తమిళం. తమిళనాడులో 2006 చట్టం వచ్చాక ఒకటి నుంచి పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేస్తూ వచ్చారు కదా, మనలో చాలామంది అలా వచ్చినవాళ్ళమే. అక్షరాలు నానమ్మ నేర్పింది. ఇక్కడ చేరాక పార్ట్ వన్ తెలుగు తీసుకున్నాను. ఇదంతా నాకు తెలిసిన విషయమే కదా, ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ రోజు "మాది పెరంబూరు మేడం, తాతయ్య కాలం నుంచి ఇక్కడే ఉన్నాం. ఇంట్లో రెండు భాషలు. నా తెలుగులో ఈ ఊరి మాటలు పడతాయి, ఫోన్లో ఎలా మాట్లాడాలో నేర్పితే తొందరగా పట్టుకుంటాను" అని ఉంటే సరిపోయేది. పైగా రెండు భాషలు ఆ కంపెనీకి లాభమే. నేను దాన్ని తప్పు దొరికిపోయినట్టు దాచుకున్నాను.

అందుకే ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవడం అంటే నాకిప్పుడు అర్థమైంది ఇంతే: మన కాగితంలో మనం రాసిన ప్రతి మాటకీ మనమే జవాబు చెప్పుకోగలగాలి. నేను రెజ్యూమెలో "తెలుగు: చదవడం, రాయడం, మాట్లాడడం" అని ఒక గీత గీసి రాశాను. ఆ గీత మీదే ప్రశ్న వచ్చింది. మా క్లాసులో ఒకమ్మాయి హాబీ దగ్గర పుస్తకాలు చదవడం అని రాసింది. చివర చదివిన పుస్తకం ఏది అని అడిగితే సిలబస్‌లో ఉన్న నాటకం పేరు చెప్పింది. "అది పరీక్ష కోసం కదా, మీ అంతట మీరు చదివింది?" అన్నారట. (మేడం, ఆ నాటకం తనకి నిజంగానే నచ్చింది. ఆ సంగతి అక్కడ చెప్పడం రాలేదు, అంతే.) ఇంటి దగ్గర చెయ్యాల్సిన పని ఏంటంటే, రెజ్యూమె ప్రింటు తీసి, పెన్సిలు పట్టుకుని, ఒక్కో మాట కింద "ఎప్పుడు? ఎక్కడ? ఎంత వరకు?" అని మనమే రాసుకోవడం. జవాబు దొరకని మాటని కొట్టెయ్యాలి. నేను కొట్టేస్తే రెండు పేజీలు ఒక పేజీకి వచ్చింది. ఆ పేజీ చూస్తే భయం తగ్గింది.

"మీ గురించి చెప్పండి" అంటే పుట్టిన తేదీ దగ్గర్నుంచి మొదలుపెట్టక్కర్లేదు, అది వాళ్ళ ముందు కాగితంలోనే ఉంది. ఏం చదువుతున్నాం, మన చేతుల మీదుగా జరిగిన పని ఒకటి, ఈ ఉద్యోగం ఎందుకు అడుగుతున్నాం. నిమిషంలో అయిపోవాలి. పని అంటే పెద్దదే కానక్కర్లేదు. డిపార్ట్‌మెంట్ ఫంక్షన్‌కి భోజనాల లెక్క మీరు చూసుంటే, 120 మందికి అనుకుంటే 150 మంది వస్తే ఏం చేశారో అది చెప్పండి. బట్టీ పట్టొద్దు. మాటలు మారినా విషయం మారకుండా మూడు నాలుగు సార్లు గట్టిగా పైకి చెప్పుకోవాలి. మనసులో అనుకుంటే బాగానే ఉంటుంది, నోటితో అంటేనే తెలుస్తుంది ఎక్కడ తడబడుతున్నామో.

తెలియనిది అడిగితే? మా తాతయ్య ఐసీఎఫ్‌లో ఫిట్టర్. 1955లో మొదలైన ఆ ఫ్యాక్టరీలో ఆయన 60ల్లో చేరారు. అప్పుడు ఆయనకి ఇంటర్వ్యూ అంటే ట్రేడ్ టెస్ట్. ఒక ఇనుప ముక్క చేతికిచ్చి ఆకురాయితో రాసి చెప్పిన కొలతకి తెమ్మన్నారట. ఒక పక్క కొంచెం ఎక్కువ అరిగిపోయింది. సూపర్‌వైజర్ కొలిచే లోపే తాతయ్య, "ఈ పక్క తప్పింది సార్" అనేశారట. నానమ్మ ఈ కథ ఇప్పటికి ఒక వందసార్లు చెప్పుంటుంది, ప్రతిసారీ ఆ ముక్క సైజు మారుతుంది. కానీ ఆయన తప్పు ముందే చెప్పినందుకే తీసుకున్నారని మాత్రం మారదు. "తెలీదండి, తెలుసుకుంటాను" అన్న మాటకి ఎవరూ మనల్ని తోసెయ్యరు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్తే రెండో ప్రశ్నకే దొరికిపోతాం.

ఇంకో సంగతి, అన్ని ఉద్యోగాలకీ ఇంటర్వ్యూ లేదు. మన ఏరియాలో రైల్వే ఉద్యోగం అంటే ఇప్పటికీ ఇంట్లో ఆశ కదా. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి లాంటి కింది స్థాయి పోస్టులకి 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూ తీసేశారు. రైల్వేలో క్లర్కు పోస్టుకి కంప్యూటర్ పరీక్షలు, టైపింగ్ పరీక్ష, సర్టిఫికెట్ల తనిఖీ, మెడికల్, అంతే. "ఇంటర్వ్యూలో మార్కులు వేయిస్తాం" అని ఎవరైనా మీ నాన్నగారి దగ్గరికి వస్తే, ఆ ఇంటర్వ్యూయే లేదని చెప్పండి. బ్యాంకుల్లో క్లర్కుకి ఇంటర్వ్యూ లేదు, ఆఫీసర్‌కి ఉంది. ఐబీపీఎస్ ఆఫీసర్ ఎంపికలో మెయిన్స్‌కి 80 పాళ్ళు, ఇంటర్వ్యూకి 20. క్లర్కుకి ఇంటర్వ్యూ లేకపోయినా భాషా పరీక్ష ఉంటుంది, ఏ రాష్ట్రానికి దరఖాస్తు పెడితే ఆ రాష్ట్ర భాష రావాలి. ఇక్కడికి పెడితే తమిళం, ఆంధ్రాకి పెడితే తెలుగు. పార్ట్ వన్ ఎందుకు, క్రెడిట్ల కోసమేగా అనేవాళ్ళు ఇది ఒకసారి చదవండి.

ఇంగ్లీషు రాకపోతే ఎలా అని మనలో చాలామందికి భయం. ప్రైవేటు కంపెనీలో ఇంగ్లీషు అడిగితే ఇంగ్లీషులోనే చెప్పాలి, అందులో దాపరికం లేదు. కానీ దేశంలో అన్నిటికన్నా పెద్ద ఇంటర్వ్యూ అనుకునే సివిల్స్‌లో తెలుగులో జవాబు చెప్పి వచ్చినవాళ్ళున్నారు. శ్రీకాకుళం జిల్లాకి చెందిన రోణంకి గోపాలకృష్ణ స్కూలు టీచరుగా పనిచేస్తూ, తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకుని, మెయిన్స్ తెలుగులో రాసి, ఇంటర్వ్యూ కూడా దుబాసీ సాయంతో తెలుగులోనే ఇచ్చారు. 2017లో ఫలితాలు వస్తే దేశం మొత్తం మీద 3వ ర్యాంకు. సివిల్స్‌లో మొత్తం 2025 మార్కుల్లో ఇంటర్వ్యూకి 275.

ఇక మనకి మాత్రమే వచ్చే ప్రశ్నలు. "పెళ్ళెప్పుడు? పెళ్ళయ్యాక మానేస్తారా?" అన్నా రాజం 1950లో సివిల్స్ ఇంటర్వ్యూకి వెళ్తే, ఆడవాళ్ళకి తగినవని విదేశాంగ సర్వీసు, ఇంకేవో సర్వీసులు చూపించి, ఐఏఎస్ వద్దని బోర్డు నచ్చజెప్పబోయింది. ఆవిడ ఒప్పుకోలేదు. మద్రాసు కేడర్ తీసుకుని దేశంలో మొదటి మహిళా ఐఏఎస్ అయ్యారు. పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం తీసేస్తామన్న షరతు అప్పట్లో నియామక పత్రంలోనే ఉండేది. మన ఊళ్ళోనే విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో చదివిన సి.బి. ముత్తమ్మ విదేశాంగ సర్వీసులో ఇలాంటి నిబంధనల మీద సుప్రీంకోర్టుకి వెళ్తే, 1979లో కోర్టు ఆ నిబంధనల్ని గట్టిగా తప్పు పట్టింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆడా మగా అని తేడా చూపకూడదని రాజ్యాంగం 16వ అధికరణం చెప్తోంది. అయినా బయట ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. గొడవ పడక్కర్లేదు, సిగ్గుపడి తల వంచుకోనూ అక్కర్లేదు. "అది నా ఇంటి విషయం సార్, పని విషయంలో మీరు అడిగిన టైమింగ్స్‌కి నేను సిద్ధమే" అంటే చాలు. ఆ టైమింగ్స్ నిజంగా కుదురుతాయా అని ముందే ఇంట్లో అడిగి ఉంచుకోండి. నైట్ షిఫ్టు అయితే క్యాబ్ ఉందా, ఎక్కడ దించుతారు అని మనమే అడగాలి. అది వాళ్ళని అనుమానించినట్టు కాదు.

మిగిలినవి చిన్నవి. ఒక రోజు ముందు అడ్రసు చూసి పెట్టుకోండి, నేను అంబత్తూరు ఎస్టేటులో ఇరవై నిమిషాలు తిరిగాను. ఇస్త్రీ బట్టలు చాలు, కొత్తవి కుట్టించక్కర్లేదు. కొత్త చెప్పులు అసలు వద్దు. సర్టిఫికెట్లు చూపించండి, జెరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ మాత్రం ఎవరి దగ్గరా వదిలి రావద్దు. డిపాజిట్ కట్టమంటే లేచి వచ్చెయ్యండి.

వచ్చే నెల నాకు ఇంకో చోట ఉంది, మళ్ళీ తెలుగు ప్రాసెస్సే. అందుకని బుధవారం బుధవారం లంచ్ అయ్యాక మేం నలుగురం డిపార్ట్‌మెంట్ లైబ్రరీ పక్క గదిలో కూర్చుని ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కుంటున్నాం. మేడం గది తాళం ఇస్తామన్నారు. ఎవరైనా రావచ్చు, రెజ్యూమె ప్రింటు, పెన్సిలు తెచ్చుకోండి. నన్ను మాత్రం మొదటి ప్రశ్న "మీరు తెలుగువాళ్ళేనా" అనే అడగండి.