అంట్ల దగ్గర సితార

మార్చి 10న శాంతినికేతన్‌లో వంటవాళ్లకూ, ఊడ్చేవాళ్లకూ సెలవు. ఆ రోజు చీపుళ్లు విద్యార్థుల చేతుల్లోకి వస్తాయి. రాలిన ఆకులు ఎత్తిపోసేదీ, కూరగాయలు తరిగేదీ వాళ్లే. పాఠాలు చెప్పే మాస్టార్లు కూడా నడుం బిగించి పక్కనే ఉంటారు. అక్కడి వాళ్లు దీన్ని ‘గాంధీ పుణ్యాహ’ అంటారు.

దీనికి మూలం 1915 నాటి మాట. గాంధీజీ దక్షిణాఫ్రికాలో నడిపిన ఫీనిక్స్ ఆశ్రమం పిల్లలు అప్పటికే రవీంద్రుడి దగ్గర అతిథులుగా ఉన్నారు. వాళ్లను చూడటానికి వచ్చిన గాంధీజీ, మన వంట మనమే ఎందుకు చేసుకోకూడదని అక్కడి పిల్లల్నీ, ఉపాధ్యాయుల్నీ అడిగారు. రవీంద్రుడు సరేనన్నారు. నూటికి పైగా పిల్లలు పనిలోకి దిగారు. అంతమందికి వండిన గుండిగలు తోమడమంటే మాటలా! తోమేవాళ్లకు విసుగు పుట్టకుండా కొందరు పిల్లలు ఎదురుగా కూర్చుని సితార వాయించేవారట. గాంధీజీయే ఆత్మకథలో ఈ సంగతి చెప్పుకున్నారు. ఆ ప్రయోగం కొన్నాళ్లకే ఆగిపోయింది. ఏడాదికొక్క రోజు మాత్రం నూరేళ్లు దాటినా నిలిచింది.

శాంతినికేతన్ అనగానే నా కళ్లముందుకు వచ్చేది ఈ దృశ్యమే. మసిపట్టిన గుండిగ, దాని పక్కన సితార. అక్కడి వేడుకల్లో దేన్ని చూసినా ఈ రెండూ కలిసే ఉంటాయి. ఏదో ఒక పని ఉంటుంది, దానికో పాట ఉంటుంది. ఊరికే కూర్చుని చూసేవాడికి చోటు తక్కువ.

పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లా, బోల్‌పూర్ స్టేషన్‌లో దిగితే పక్కనే. ఎర్రమట్టి నేల. 1863లో రవీంద్రుడి తండ్రి దేవేంద్రనాథ్ ఇక్కడ రెండు ఏడాకుల పాల చెట్ల నీడకు ముచ్చటపడి స్థలం తీసుకున్నారు. 1901లో ఐదుగురు పిల్లలతో బడి మొదలైంది. 1921లో విశ్వభారతిగా ఎదిగింది, 1951లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

పండగల కంటే ముందు మామూలు రోజుల్ని చూడాలి. ఇక్కడ వారపు సెలవు బుధవారం, అద్దాల మందిరంలో ప్రార్థన జరిగే రోజది. బడి పిల్లలు ఆసనం చంకన పెట్టుకుని చెట్టు కిందికి క్లాసుకు వెళ్తారు. సభలో ఎవరైనా బాగా పాడితే చప్పట్లు ఉండవు, ‘సాధు, సాధు’ అంటారు. మాస్టారి పేరుకు ‘దా’, టీచరమ్మ పేరుకు ‘ది’ తగిలించి పిలుస్తారు. అంటే అన్న, అక్క. పాఠం చెప్పే మనిషిని రోజుకు పదిసార్లు అన్నా అని పిలిచే పిల్లవాడికి ఆ చోటు ఇల్లు కాకుండా ఎలా ఉంటుంది?

వేడుక ఉన్న రోజు తెల్లవారుజామునే ‘బైతాలిక్’ బయల్దేరుతుంది. విద్యార్థులు గుంపుగా పాడుకుంటూ ఆవరణంతా తిరుగుతారు. మన పల్లెల్లో ధనుర్మాసపు సంకీర్తన విన్నవాళ్లకు ఆ చలిలో గొంతు కలపడం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

వృక్షారోపణం నన్ను బాగా కదిలించే పండగ. 1928లో రవీంద్రుడే మొదలుపెట్టారు. ఆయన పోయాక, ఆయన వర్ధంతి రోజైన బెంగాలీ శ్రావణం 22న జరుపుతున్నారు. చిన్న మొక్కను పువ్వులతో అలంకరించిన పల్లకీలో కూర్చోబెట్టి, పెళ్లికూతుర్ని తెచ్చినట్టు ఆటపాటలతో మోసుకొస్తారు. పంచభూతాలకు ప్రతీకగా ఐదుగురు విద్యార్థులు ఉంటారు. మరునాడు విశ్వభారతికే చెందిన శ్రీనికేతన్‌లో హలకర్షణం, అంటే నాగలి పట్టి దున్నే పండగ. కవి చనిపోయిన రోజున మొక్క నాటి, మర్నాడు నేల దున్నే విశ్వవిద్యాలయం మరొకటి ఉందా?

పసుపు చీరల వసంతోత్సవం పేరు అందరికీ తెలుసు. దాని మూలం మాత్రం ఒక పసివాడు. 1907లో రవీంద్రుడి చిన్న కొడుకు శమీంద్రనాథ్ తోటి పిల్లల్ని పోగేసి ఋతు ఉత్సవం చేశాడు. అదే ఏడాది పదకొండేళ్లయినా నిండకుండా కన్నుమూశాడు. తర్వాత తర్వాత జనం పోటెత్తి, ఇటీవలి ఏళ్లలో విశ్వవిద్యాలయం ఈ వేడుకను లోపలివాళ్లకే పరిమితం చేసింది. చాలామంది నొచ్చుకున్నారు. నాకైతే ఆ నిర్ణయం సబబే అనిపిస్తుంది. పిల్లలు తమకోసం పెట్టుకున్న పండగ అది, ఫొటోల కోసం కాదు.

ఈ చెట్ల కింద మనవాళ్లూ కూర్చున్నారు. ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన బెజవాడ గోపాలరెడ్డి ఇక్కడ చదివినవారే. రవీంద్రుడి రచనల్ని తెలుగులోకి తెచ్చారు. ఓరుగల్లు ప్రాంతం నుంచి వెళ్లిన చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు ఇక్కడే నందలాల్ బోస్ దగ్గర కుంచె పట్టారు. ఆ నందలాల్ పుట్టినరోజు డిసెంబరు 3. దానికి ముందు రెండు రోజులూ ఇక్కడి చిత్రకళా విభాగమైన కళాభవన్‌లో ‘నందన్ మేళా’. విద్యార్థులూ, గురువులూ తాము చేసిన బొమ్మలు, మట్టిపాత్రలు, క్యాలెండర్లు అమ్ముతారు. ఆ డబ్బు విద్యార్థుల సహాయ నిధికి పోతుంది.

మహాలయ అమావాస్య నాడు గౌర్ ప్రాంగణంలో ‘ఆనంద బజార్’. దసరా సెలవులకు ఊళ్లకు వెళ్లేముందు పిల్లలు పెట్టే తిండి దుకాణాలవి. వండేదీ, అరిచి పిలిచేదీ, లెక్క చూసేదీ అంతా వాళ్లే. వచ్చిన లాభం పేదల సేవకు. చేతికి పిండి అంటుకున్న పిల్ల ఒకతె గుంపులో లెక్కల మాస్టారిని చూసి, ‘దాదా, ముందు మా దగ్గర తినండి’ అని చెయ్యి పట్టి లాక్కుపోతుంది.