యాక్సిడెంట్ తర్వాత డయాఫ్రం చిరిగితే... సీటీ స్కాన్‌లో ఎలా పట్టుకుంటారు?

ఈరోజు ఎపిసోడ్ ముఖ్యంగా బైక్ నడిపే మన కుర్రాళ్ల కోసం.

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే రోడ్డు మీకు తెలిసిందే. టమాటా లోడు లారీలు, బస్సులు, మధ్యలో మన బైకులు. ఆ రోడ్డు మీద ఒకబ్బాయి పడ్డాడనుకోండి. హ్యాండిల్ పొట్టలో గట్టిగా గుద్దుకుంది. పైకి రక్తం లేదు, రెండు గీతలు మాత్రమే. "ఏం కాలేదులే" అని ఇంటికి పోతాడు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

మన ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా ఒక కండరం ఉంటుంది. అదే డయాఫ్రం. స్కూల్లో ఉదరవితానం అని చదువుకున్నాం కదా! పొట్ట మీద గట్టి దెబ్బ పడితే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి అది చిరగొచ్చు. ఎక్కువగా ఎడమవైపే బయటపడుతుంది, ఎందుకంటే కుడివైపు కాలేయం దిండులా అడ్డుంటుంది. ఈ చిరుగు సాధారణంగా దానంతట అది మానదు. ఊపిరి తీసిన ప్రతిసారీ డయాఫ్రం కదులుతుంది. పైగా పొట్టలో ఒత్తిడి ఎక్కువ, ఛాతీలో తక్కువ. అందుకే జీర్ణాశయం, పేగులు ఆ కంతలోంచి మెల్లగా పైకి జారతాయి.

ముందు ఎక్స్‌రే తీస్తారు. కానీ అందులో చాలాసార్లు దొరకదు. ఛాతీలోకి జారిన జీర్ణాశయంలోని గాలిని చూసి, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందని పొరబడే అవకాశం కూడా ఉంది.

మరి సీటీ ఏం చేస్తుంది? శరీరాన్ని పలచటి పొరలుగా ఫోటోలు తీస్తుంది. కంప్యూటర్ వాటిని పేర్చి ముందు నుంచి, పక్క నుంచి కూడా చూపిస్తుంది. డయాఫ్రం గొడుగు ఆకారంలో ఉంటుంది కాబట్టి అడ్డకోత ఒక్కటే చూస్తే సరిపోదు. ఈ మూడు వైపులూ చూడాలి.

డాక్టర్లు వెతికే గుర్తులు ఇవి. ఒకటి, కండరం గీత మధ్యలో తెగిపోయి కనబడటం. రెండు, కంతలోంచి దూరిన జీర్ణాశయం అక్కడ తాడుతో బిగించిన మూటలా నొక్కుకుపోవడం. దీన్ని కాలర్ సైన్ అంటారు. మూడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఆధారం లేక జీర్ణాశయం వెనక పక్కటెముకలకు ఆనుకోవడం.

సీటీ కూడా దేవుడు కాదు. చిన్న చిరుగులు తప్పిపోతాయి. వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌లో ఆ గాలి ఒత్తిడి అవయవాలను పైకి రానివ్వదు, కాబట్టి దాగిపోవచ్చు. అనుమానం పోకపోతే మళ్లీ స్కాన్ తీస్తారు, లేదా కెమెరాతో లోపల చూస్తారు.

ఇలా తప్పిపోయిన చిరుగు నెలలకో, ఏళ్లకో బయటపడొచ్చు. ఇరుక్కున్న పేగుకు రక్తం ఆగిపోతే ప్రాణాపాయం. కాబట్టి గట్టి దెబ్బ తగిలితే 108కి ఫోన్ చేయండి. కుప్పం పీఈఎస్ మెడికల్ కాలేజీ లాంటి పెద్దాసుపత్రిలో చూపించుకోండి. తర్వాత ఎప్పుడైనా తిన్నాక ఆయాసం, ఎడమ భుజం నొప్పి, వాంతులు వస్తే, "నాకు ఫలానా ఏడాది యాక్సిడెంట్ అయ్యింది" అని డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతోనే డాక్టర్ ఆలోచన డయాఫ్రం వైపు మళ్లుతుంది. పాత స్కాన్ రిపోర్ట్ ఫోటో ఫోన్‌లో దాచుకోండి.

బైక్ ఉన్న మీ ఫ్రెండ్‌కి ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం.