పల్లెలో ఇల్లు అమ్మేటప్పుడు మధ్యవర్తి ఎంపిక

మైపాడు, కోడూరు వంటి తీరగ్రామంలో మీకు పెద్దల నాటి ఇల్లు ఉంది. మీరు నెల్లూరులోనో చెన్నైలోనో స్థిరపడ్డారు. ఇల్లు అమ్మాలంటే మధ్యవర్తి కావాలి. వాడుకలో బ్రోకరు, చట్టం దృష్టిలో ఏజెంటు.

‘రెరా రిజిస్ట్రేషన్ ఉందా?’ అని అడగడం నేడు అలవాటైంది. 2016 నాటి ఆ చట్టం కింద ఏజెంటు నమోదు కావలసింది, అందులో నమోదైన ప్రాజెక్టుల్లోని ప్లాట్లు, ఫ్లాట్ల అమ్మకాలకు. ఊళ్లో పాత ఇంటి అమ్మకానికి ఆ నిబంధన వర్తించదు. ఇక్కడ మీకు అండ 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టమే.

‘మీ చేతికి ఇంత ఇస్తాను, పైన వచ్చేది నాది’ అనే మధ్యవర్తులు ఉంటారు. కమీషన్ లేదు కదా అని అమ్మేవారు సంతోషిస్తారు. కాని ఆలోచించండి: మీ ఇంటి ధరను మీకు ఎంత తగ్గించి చెబితే అతనికి అంత లాభం. ఏజెంటు యజమానికి తెలియకుండా తన సొంతానికి బేరం చేసుకుంటే, ఆ లాభాన్ని యజమాని రాబట్టుకోవచ్చని సెక్షన్ 216 చెబుతుంది. తెలిసి ఒప్పుకుంటే ఆ రక్షణను మీరే వదులుకున్నట్లు. అందుచేత అమ్మిన ధరపై ఇంత శాతమని కమీషన్ మాట్లాడుకునే వ్యక్తే మేలు. వేరే ఒప్పందం లేనంతవరకు, పని పూర్తయ్యేదాకా ఆ కమీషన్ ఇవ్వనక్కరలేదు (సెక్షన్ 219).

ఒప్పందాన్ని కాగితం మీద పెట్టండి. మన వైపు స్థలం ధర అంకణాల్లో చెబుతారు. అంకణం ఒకచోట 36 చదరపు అడుగులు, మరొకచోట 72! చదరపు గజాల్లో కూడా రాయించకపోతే బేరం సగానికి సగం మారిపోగలదు. అడ్వాన్సు నేరుగా మీ బ్యాంకు ఖాతాలోకే రావాలి.

‘మీరు రానక్కరలేదు, జీపీఏ రాసివ్వండి, అంతా నేను చూసుకుంటాను’ అనే వ్యక్తికి దూరంగా ఉండండి. జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. అయినా అమ్మే అధికారం అందులో రాసి ఉంటే, మీ తరఫున అతను అమ్మకపు దస్తావేజు రాసివ్వగలడు. ఎవరికి, ఎంతకు అన్నది మీకు ఆలస్యంగా తెలుస్తుంది.

చివరగా అతని పరిజ్ఞానాన్ని పరీక్షించండి. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు భూమికి తీర నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. మీ ఇల్లు ఆ హద్దులో ఉందా, స్థలం గ్రామకంఠంలోదా, పట్టా భూమా అని అడగండి. కొనేవారు మొదట అడిగేవి ఇవే. తెలియకపోతే కనుక్కుని చెబుతానన్న వ్యక్తితో మాట్లాడవచ్చు. ‘అవన్నీ ఎవరు చూస్తారండీ’ అంటే మరొకరిని వెతకండి.