కాలేజీ మార్కుల లెక్క మొదటి రోజే తెలుసుకుందాం



పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి మార్కులు చూసుకుంటాం. అదే పిల్లవాడు ఇంజనీరింగు కాలేజీలో చేరాక మార్కుల సంగతి మనం అడగం, వాడూ చెప్పడు. అడుగుదామన్నా ఆ మాటలే కొత్త. ఇంటర్నల్ అంటారు, క్రెడిట్ అంటారు, పాయింట్ అంటారు. ఈనాటి ప్రసంగంలో ఆ మాటల వెనక ఉన్న లెక్కను వివరిస్తాను. ఈ లెక్క తెలియక నష్టపోయిన ఒక కుర్రవాడి సంగతితో మొదలుపెడతాను.

మా బడిలో చదివిన అబ్బాయి ఒకడు ఆ మధ్య మా ఇంటికి వచ్చాడు. తండ్రి బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డులో పనిచేస్తాడు. వాడికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఇప్పుడు కాలేజీలో ఇంగ్లీషు. "సార్, ఒక సబ్జెక్టు పోయింది" అన్నాడు. "ఏమప్పా, పరీక్ష సరిగా రాయలేదా?" అని అడిగాను. "పరీక్షదాకా పోనేలేదు సార్. ఇంటర్నల్‌లో 50కి 16 వచ్చినాయి. రెండు అసైన్‌మెంట్లు ఇయ్యలే. ఫైనల్‌లో చూసుకుందాంలే అనుకుంటి" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు సిగ్గేసింది. "ఫైనల్‌లో చూసుకుందాం" అన్న మాట వాడు నేర్చుకున్నది మా దగ్గరే. కర్ణాటకలో పదో తరగతి చాలా సబ్జెక్టులకు 80 మార్కులు రాతపరీక్షకు, 20 అంతర్గత మూల్యాంకనానికి. ఆ 20 మార్కులు వేసేటప్పుడు మా పంతుళ్ళ చెయ్యి కాస్త ధారాళంగానే ఉంటుంది. అందుకని ఇంటర్నల్ మార్కులు వాటంతట అవే వస్తాయని పిల్లలు నమ్ముతారు. ఆ నమ్మకంతోనే కాలేజీలో అడుగు పెడతారు. అక్కడి లెక్క వేరు.

మన సరిహద్దు పిల్లలకు బాగా ఉపయోగపడే పోలిక ఒకటి చెబుతాను. బళ్ళారి పిల్లలు ఇక్కడే చేరితే కాలేజీ సాధారణంగా బెళగావిలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం కింద ఉంటుంది. హద్దు దాటి అనంతపురం వైపు వెళితే అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం కింద ఉంటుంది. రెండుచోట్లా సబ్జెక్టుకు 100 మార్కులే. ఆ నూరును పంచుకునే తీరులోనే తేడా ఉంది.

బెళగావి విశ్వవిద్యాలయం 2022 నాటి పథకంలో, రాతపరీక్ష ఉన్న మామూలు సబ్జెక్టుకు, సెమిస్టరు పొడుగునా జరిగే పరీక్షలకూ అసైన్‌మెంట్లకూ కలిపి 50 మార్కులు, చివరి పరీక్షకు 50. మొదటి 50లో కనీసం 20 రావాలి. చివరి 50లో కనీసం 18 రావాలి. రెండూ కలిపి కనీసం 40 రావాలి. ఈ మూడు గడపల్లో ఏ ఒక్కటి దాటకపోయినా ఆ సబ్జెక్టు తప్పినట్టే. మా అబ్బాయి మొదటి గడప దగ్గరే ఆగిపోయాడు.

అనంతపురం వైపు 2023 నాటి నిబంధనల ప్రకారం ఇంటర్నల్‌కు 30, చివరి పరీక్షకు 70. చివరి పరీక్షలో 35 శాతం, అంటే 70కి 25 మార్కులు రావాలి. మొత్తం మీద 40 రావాలి. ఇంటర్నల్‌కు విడిగా గడప లేదు. అక్కడ ఇంటర్నల్‌లో 10 మాత్రమే వచ్చినవాడు కూడా చివరి పరీక్షలో 30 తెచ్చుకుంటే గట్టెక్కుతాడు.

అయితే అనంతపురమే సులువు అనుకోకండి. అక్కడ 70 మార్కులు మూడు గంటల పరీక్ష చేతిలో ఉంటాయి. ఆ రోజు జ్వరం వస్తే కష్టమే. ఇక్కడ సగం మార్కులు ముందే చేతికొస్తాయి, కానీ వాటిని వారం వారం సంపాదించుకోవాలి. ఏది మేలన్నది పిల్లవాడి స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఏది వర్తిస్తుందో తెలియకపోవడమే ప్రమాదం. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలకు సొంత నిబంధనలు ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇంటర్నల్ పరీక్షలను లెక్కకట్టే పద్ధతి కూడా తెలుసుకోవాలి. అనంతపురం పద్ధతిలో సెమిస్టరుకు రెండు మిడ్ పరీక్షలు. ఎక్కువ వచ్చినదానిలో 80 శాతం, తక్కువ వచ్చినదానిలో 20 శాతం తీసుకుని కలుపుతారు. ఒకదానిలో 28, మరొకదానిలో 10 వచ్చాయనుకోండి. మామూలు సగటు కడితే 19. ఈ పద్ధతిలో 24కు పైగా వస్తాయి. ఒకసారి తడబడిన పిల్లవాడిని ఆదుకునే ఏర్పాటు ఇది. మొదటి మిడ్ పోయిందని ఇంటికి వచ్చి దిగులుగా కూర్చున్న పిల్లకు ఈ లెక్క చూపిస్తే, రెండోది బాగా రాయడానికి ధైర్యం వస్తుంది.

ఇటువంటి దయగల నియమమే ఇంకొకటి ఉంది. ఐ.ఐ.టి.లు, బెంగళూరు సైన్సు సంస్థ కలిసి నడిపే ఎన్.పి.టి.ఇ.ఎల్. కోర్సులు 'స్వయం' వేదిక మీద ఉన్నాయి. వాటిలో చేరి పాఠాలు వినడానికి రుసుము లేదు, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష రుసుము కట్టాలి. కొన్ని కోర్సుల పాఠాలకు తెలుగు, కన్నడ, తమిళ అనువాదాలు కూడా ఉన్నాయి. 12 వారాల కోర్సులో వారానికొక అసైన్‌మెంటు ఇస్తారు. వాటిలో బాగా వచ్చిన 8 మాత్రమే లెక్కలోకి తీసుకుని 25 మార్కులకు కుదిస్తారు. కేంద్రానికి వెళ్ళి రాసే పరీక్షకు 75. సర్టిఫికెట్ రావాలంటే 25లో 10, 75లో 30, రెండూ విడివిడిగా రావాలి. ఇంట్లో పెళ్ళి వచ్చినా, ఒంట్లో బాగాలేకపోయినా నాలుగు వారాలు తప్పినా ఫరవాలేదన్న మాట. కానీ ఆ నాలుగూ మొదట్లోనే ఖర్చు చేసుకున్నవాడికి తరువాత నిజంగా ఇబ్బంది వచ్చినప్పుడు ఏమీ మిగలదు.

ఇక అందరినీ తికమకపెట్టే మాట, ఎక్స్‌ట్రా క్రెడిట్. అమెరికాలో చదివే మనవాళ్ళ పిల్లలు ఈ మాట అన్నప్పుడు, మామూలు పనికి తోడు ఇంకొక చిన్న పని చేసి తెచ్చుకునే అదనపు మార్కులని అర్థం. అక్కడ అది ఆ పాఠం చెప్పే ప్రొఫెసర్ ఇష్టం. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు.

మన దగ్గర క్రెడిట్ అంటే మార్కు కాదు. సబ్జెక్టు బరువును కొలిచే తూకం. వారానికి ఒక గంట పాఠం ఉంటే 1 క్రెడిట్, రెండు గంటల ల్యాబ్ ఉంటే 1 క్రెడిట్. 4 క్రెడిట్ల సబ్జెక్టులో 9 పాయింట్లు, 1 క్రెడిట్ ల్యాబ్‌లో 6 పాయింట్లు వచ్చాయనుకోండి. నాలుగు తొమ్ముల 36, ఒక ఆరు 6, మొత్తం 42. దాన్ని 5 క్రెడిట్లతో భాగిస్తే సగటు 8.4. అదే తారుమారైతే 6.6. ఏ సబ్జెక్టుకు ఎక్కువ సమయం పెట్టాలో ఈ తూకమే చెబుతుంది. కాబట్టి ఇక్కడ అదనపు క్రెడిట్లంటే ఆనర్స్ కోసమో, మైనర్ డిగ్రీ కోసమో ఎక్కువ సబ్జెక్టులు చదవడం. తప్పిన సబ్జెక్టును అవి గట్టెక్కించవు.

ఇవికాక బెళగావి విశ్వవిద్యాలయం కింద మామూలుగా మొదటి ఏడాదిలో చేరినవాళ్ళు చదువు పూర్తయ్యేలోగా 100 యాక్టివిటీ పాయింట్లు సంపాదించాలి. ఊళ్ళో నీటి పొదుపు, మొక్కల పెంపకం వంటి సేవా పనులకు ఇవి వస్తాయి. వీటివల్ల సగటు పెరగదు. కానీ ఇవి లేకపోతే డిగ్రీ చేతికి రాదు. చివరి ఏడాదిలో పరుగులు పెట్టేకంటే మొదటి ఏడు నుంచీ కాసిని కాసిని కూడబెట్టుకోవడం మంచిది.

తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. మీకు ఇంగ్లీషు రానక్కరలేదు. పిల్లలు కాలేజీలో చేరిన మొదటి వారంలో నాలుగు ప్రశ్నలు అడగండి. ఇంటర్నల్‌కు ఎన్ని, ఫైనల్‌కు ఎన్ని? దేనికి విడిగా కనీస మార్కులున్నాయి? అసైన్‌మెంటు ఏ తేదీలోపు ఇవ్వాలి, ఆలస్యమైతే ఏమవుతుంది? ఒక పరీక్ష తప్పితే మళ్ళీ అవకాశం ఉందా? జవాబు తెలియదంటే కాలేజీ ఇచ్చిన నిబంధనల కాగితం తెచ్చి తెలుగులో చదివి చెప్పమనండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే వాడికీ అర్థమైనట్టే. నిబంధనలు కొన్నేళ్ళకొకసారి మారుతుంటాయి. పక్కింటి అన్న చదివిన నాటి లెక్క పనికిరాదు, మీ పిల్లలు చేరిన ఏటి నిబంధనలే చూడాలి.

పిల్లలకూ ఒక మాట. కన్నడంలోనో తెలుగులోనో చదివి వచ్చినవాళ్ళకు ఇంగ్లీషులో అసైన్‌మెంటు రాయడం మొదట్లో కష్టంగానే ఉంటుంది. అందుకని స్నేహితుడిది చూసి ఎక్కించేస్తారు. ఆ మార్కులు దక్కినా, చివరి పరీక్షలో ఆ స్నేహితుడు పక్కన ఉండడు. మీ సొంత వాక్యాలు నాలుగే రాయండి, తప్పులు దిద్దమని లెక్చరర్‌ను అడగండి. అడిగినవాడికి చెప్పని లెక్చరర్లు తక్కువ.

మా అబ్బాయి ఆ సబ్జెక్టుకు మళ్ళీ పేరు నమోదు చేసుకున్నాడు. ఈసారి అసైన్‌మెంట్లు గడువుకు ముందే ఇచ్చానని ఫోన్ చేసి చెప్పాడు. నేనూ నా పద్ధతి మార్చుకున్నాను. ఈ ఏడు పదో తరగతి మొదటి పాఠానికి ముందు, ఆ 20 మార్కులు దేనికి ఎన్ని వేస్తానో బోర్డు మీద రాశాను. పని ఇవ్వనివాళ్ళకు ఆ మార్కులు పడవని కూడా చెప్పాను. ఒకరిద్దరు పిల్లలు ముఖం ముడుచుకున్నారు. కాలేజీకి వెళ్ళాక తెలుసుకునేకంటే బడిలోనే తెలుసుకోవడం నయం కదా.