పాల ప్యాకెట్‌లో చదవాల్సిన చట్టం

టోన్డ్ పాల ప్యాకెట్‌లో వెన్న కనీసం 3 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) కనీసం 8.5 శాతం ఉండాలి. ఆహార భద్రత చట్టం చదవడం మొదలుపెట్టేవాళ్లు సెక్షన్ల పట్టిక పక్కనపెట్టి ముందు ఈ రెండు అంకెలు పట్టుకోవాలని నా అభిప్రాయం. చట్టం మొత్తం ఇలాంటి అంకెల చుట్టూనే తిరుగుతుంది.

పరీక్షలో వెన్న 2.6 శాతమే తేలిందనుకోండి. తాగినవాళ్లకు జబ్బేమీ చేయదు, కానీ ఇచ్చిన డబ్బుకు తగ్గ సరుకు రాలేదు. అది ‘సబ్‌స్టాండర్డ్’, అంటే నాసిరకం. సెక్షన్ 51 కింద రూ.5 లక్షల వరకు జరిమానా పడుతుంది, జైలు ఉండదు. లేబుల్ మీద అబద్ధం రాస్తే ‘మిస్‌బ్రాండెడ్’. సెక్షన్ 52 ప్రకారం రూ.3 లక్షల వరకు జరిమానా. అవే పాలలో ఒంటికి చేటు చేసే డిటర్జెంటో యూరియానో కలిస్తే ‘అన్‌సేఫ్’. జైలు మాట వచ్చేది ఇక్కడే. సెక్షన్ 59 ప్రకారం ఎవరికీ హాని జరగకపోయినా 3 నెలల వరకు జైలు, రూ.3 లక్షల వరకు జరిమానా. 2023 జన్ విశ్వాస్ సవరణకు ముందు ఇది 6 నెలలు, లక్ష రూపాయలు. ప్రాణం పోతే శిక్ష 7 ఏళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. జరిమానా కనీసం రూ.10 లక్షలు. మృతుల కుటుంబానికి కనీసం రూ.5 లక్షల పరిహారం వేరు.

ఈ మూడింటినీ మనం ‘కల్తీ’ అన్న ఒక్క మాటలో కలిపేస్తాం. అది 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం నుంచి వచ్చిన అలవాటు. దాని స్థానంలో 101 సెక్షన్లతో 2006లో చేసిన ఈ ఆహార భద్రత చట్టం 2011 ఆగస్టు 5 నుంచి అమలవుతోంది. అందుకే విద్యార్థులు ఈ మూడు మాటల నిర్వచనాలున్న సెక్షన్ 3ను దాటేసి ముందుకు పోకూడదు.

కేసు నిలిచేదీ పోయేదీ మాత్రం నమూనా దగ్గరే. ఆహార భద్రత అధికారి తీసిన నమూనాను నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి ఫుడ్ అనలిస్టుకు, రెండు డెసిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గరకు వెళ్తాయి. నాలుగోది వ్యాపారి కోరితే గుర్తింపు పొందిన వేరే ల్యాబ్‌కు పంపుతారు. రెండు నివేదికలకూ పొంతన లేకపోతే రిఫరల్ ల్యాబ్ చెప్పిందే తుది మాట. అనలిస్టు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. దాని మీద అప్పీలుకు 30 రోజుల గడువుంది. నేరం జరిగిన ఏడాదిలోగా కోర్టు కేసు తీసుకోవాలి, రాష్ట్ర ఆహార భద్రత కమిషనర్ అనుమతిస్తే మూడేళ్ల దాకా. నిజాయతీగా వ్యాపారం చేసుకునేవాడికి ఇవన్నీ రక్షణే. కానీ అధికారి ఒక్క మెట్టు తప్పినా కేసు నీరుగారిపోతుంది. సగం రసాయనశాస్త్రం, సగం కాగితాల పని అయిన ఈ చదువులో రెండో సగాన్ని చిన్నచూపు చూడకూడదు.

మళ్లీ అంకెల సంగతికే వస్తే, 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. సరిగ్గా ఏడాదే ఎందుకన్న ప్రశ్నకు జవాబు సెక్షన్ 30లో ఉంది. కమిషనర్ ఒక పదార్థాన్ని నిషేధించగలిగే గరిష్ఠ గడువు అంతే.

ఇక మనకోసం ఉన్నది సెక్షన్ 40. అధికారి రానక్కర్లేదు, కొనుగోలుదారే ఫీజు కట్టి తాను కొన్న పదార్థాన్ని ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. ఒకటే షరతు: కొనేటప్పుడే దుకాణదారుకు ‘దీన్ని పరీక్షకు పంపుతున్నాను’ అని చెప్పాలి. చట్టాన్ని ఉల్లంఘించారని తేలితే కట్టిన ఫీజు తిరిగొస్తుంది. అనుమానం వచ్చిన రోజున ఈ సెక్షన్‌ను గుర్తుపెట్టుకుని వాడండి.